నల్ల తెర వెనక గోదారి ఫొటో: లినక్స్ కన్సోల్‌కి ఏ దారి మంచిది?

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా లినక్స్ నేర్చుకునే కుర్రాళ్లు కొన్నాళ్లకి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, డెస్క్‌టాప్ లేకుండా వచ్చే ఆ నల్ల తెర వెనక మన ఫొటో పెట్టుకోవచ్చాండి?" కన్సోల్ అంటే ఆ నల్ల తెరే. పెట్టుకోవచ్చు. కాకపోతే అందుకు అయిదారు దారులున్నాయి. పేర్లు వింటే అన్నీ ఒకటేలా అనిపిస్తాయి గానీ ఒక్కోటి ఒక్కో చోట మాత్రమే పనిచేస్తుంది. అందుకే ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకముందే ఒక్క సంగతి తేల్చుకోండి. ఆ బొమ్మ మీకు ఎప్పుడు కనపడాలి? సిస్టమ్ లేచేటప్పుడు ఆ నాలుగైదు సెకన్లా, లాగిన్ అయ్యాక పని చేసుకున్నంతసేపూనా? దీనికి జవాబు దొరికితే సగం దారులు అక్కడే పక్కకి పోతాయి.

రెండో సంగతి మీ సిస్టమ్‌ది. అసలైన టెక్స్ట్ మోడ్‌లో బొమ్మ పెట్టడం కుదిరే పని కాదు. పాత వీజీఏ టెక్స్ట్ తెర అంటే 80 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసలు. ఒక్కో గడికి రెండు బైట్లు: ఒకటి అక్షరానికి, ఒకటి దాని రంగుకి. మొత్తం తెరంతా కలిపి 4000 బైట్లు. వెనక రంగు ఏదో చెప్పడానికి అందులో చోటుంది, ఫొటోకి లేదు. అదే ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ (తెర మీది ప్రతి చుక్కకీ మెమరీలో విడిగా చోటుండేది) అయితే 1024 x 768 తెరకి చుక్కకి నాలుగు బైట్ల చొప్పున 30 లక్షల బైట్లు దాటుతుంది. అక్షరాలని కూడా అక్కడ చుక్కలు చుక్కలుగా గీస్తారు కాబట్టి వాటి వెనక ఇంకేదైనా గీయడానికి వీలుంటుంది. ఇప్పటి లినక్స్ పంపిణీల్లో (ఉబుంటు, డెబియన్ లాంటివి) దాదాపు అన్నీ ఫ్రేమ్‌బఫర్‌లోనే లేస్తాయి. మీది ఏదో తెలియకపోతే లేచేటప్పుడు గమనించండి: మొదట పెద్ద పెద్ద అక్షరాలతో మొదలై, కాసేపటికి తెర ఒక్కసారి ఆరి వెలిగి అక్షరాలు సన్నబడ్డాయంటే గ్రాఫిక్స్ డ్రైవరు ఫ్రేమ్‌బఫర్‌ని అందుకుందన్నమాట. చివరిదాకా 25 లావు వరుసలే ఉంటే ఫొటో ఆశ వదులుకుని, కింద రంగుల గురించి రాసిన భాగానికి వెళ్లండి.

లేచేటప్పుడు మాత్రమే చాలనుకుంటే

ఇక్కడ రెండు దారులు: గ్రబ్, ప్లిమత్. సిస్టమ్ ఆన్ చెయ్యగానే దేన్ని లేపాలో అడిగే మెనూ గ్రబ్‌ది. ఆ మెనూ వెనక బొమ్మ పెట్టడం అన్నిటికన్నా తేలిక. గ్రబ్ డిఫాల్ట్ సెట్టింగుల ఫైలులో బ్యాక్‌గ్రౌండ్ వరుస రాసి, ఫొటో ఎక్కడుందో ఇచ్చి, ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-గ్రబ్ అనే కమాండు కొడితే సరిపోతుంది. ఫొటోని మీ హోమ్ ఫోల్డరులో కాకుండా బూట్ ఫోల్డరులోని గ్రబ్ కింద పెట్టండి. హోమ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే గ్రబ్ దాన్ని చదవలేదు. గ్రబ్ జేపెగ్, పీఎన్‌జీ, టీజీఏ రకాలు మూడూ చూపిస్తుంది గానీ ప్రోగ్రెసివ్ జేపెగ్ ఇస్తే చూపించదు. ఏ ఎడిటర్లోనో ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు ప్రోగ్రెసివ్ అన్న టిక్ తీసెయ్యండి. ఉబుంటు ఒక్కటే ఉన్న సిస్టమ్‌లో గ్రబ్ మెనూ మామూలుగా దాగే ఉంటుంది కాబట్టి, ముందు మెనూ కనపడేలా చెయ్యకపోతే మీ ఫొటో ఎవరికీ కనపడదు.

ప్లిమత్ ఆ తర్వాతి మెట్టు. కర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము) లేస్తున్నప్పుడు లోగోతోనో తిరిగే చుక్కలతోనో కనపడేది అదే. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే పాస్‌వర్డ్ అడిగేది కూడా అందులోనే. థీమ్ ఫోల్డరులో మన ఫొటో పెట్టుకోవచ్చు. లాగిన్ ప్రాంప్ట్ రాగానే రెండూ పోతాయి. పని చేస్తున్నప్పుడు వెనక బొమ్మ కావాలన్నవాళ్లకి ఈ రెండూ అక్కరకి రావు.

కర్నెల్‌కి ప్యాచ్ వేసే దారి

ప్యాచ్ అంటే కర్నెల్ కోడ్‌కి బయటివాళ్లు చేసే మార్పు. వెతికితే పాత వ్యాసాల్లో ఎక్కువగా తగిలేది ఇదే. సూసే పంపిణీలో ఒకప్పుడు బూట్‌స్ప్లాష్ అని ఉండేది. జెంటూ వాళ్లు ఎఫ్‌బీస్ప్లాష్ తెచ్చారు, తర్వాత దాని పేరు ఎఫ్‌బీకాన్‌డెకర్ అయింది. పనితనం మాత్రం మెచ్చుకోవాలి. కన్సోల్ వెనకే, కర్నెల్ లోపలే బొమ్మ ఉంటుంది. ఒక్కో కన్సోల్‌కి ఒక్కో ఫొటో పెట్టుకోవచ్చు. థీమ్ ఫైలులో అక్షరాలు ఏ మూల నుంచి ఏ మూల దాకా రావాలో కూడా చెప్పొచ్చు, అంటే ఫొటో అంచులు వదిలి మధ్యలో మాత్రమే రాత పడేలా. ఇంత అందంగా ఈ పని చేసినది ఇప్పటికీ ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

అయినా వద్దంటాను. ఆ ప్యాచ్ ప్రధాన కర్నెల్‌లోకి ఎప్పుడూ చేరలేదు. కన్సోల్ కోడ్ ఏమో మారుతూనే ఉంది. 2020లో వచ్చిన 5.9 కర్నెల్‌లో ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ నుంచి సాఫ్ట్‌వేర్ స్క్రోల్‌బ్యాక్‌నే తీసేశారు. షిఫ్ట్ పట్టుకుని పేజ్ అప్ నొక్కితే పైకి పోయిన వరుసలు వెనక్కి రాకపోవడానికి కారణం అదే. ఇంత మారే చోట బయటి ప్యాచ్ పట్టుకుని వేలాడితే ప్రతి కొత్త కర్నెల్‌కీ దాన్ని మీరే సరిచేసుకోవాలి, కర్నెల్ మీరే కట్టుకోవాలి. ఆ మధ్యలో పంపిణీవాళ్లు ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సిస్టమ్ అయినా, కొట్టులో బిల్లులు కొట్టేది అయినా ఒక ఫొటో కోసం ఆ బరువు నెత్తినేసుకోవడం తగదు. కర్నెల్ ఎలా కడతారో నేర్చుకోవాలన్న కోరికే ఉంటే అది వేరే సంగతి. అప్పుడు పనికిరాని పాత పెట్టె ఒకటి తీసుకుని హాయిగా చెయ్యండి.

ఎఫ్‌బీటెర్మ్: పని చేసుకునేవాళ్ల దారి

డెస్క్‌టాప్ లేని సిస్టమ్‌లో కూర్చుని గంటల తరబడి టైప్ చేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఎఫ్‌బీటెర్మ్ అనేది ఫ్రేమ్‌బఫర్ మీద నేరుగా నడిచే టెర్మినల్. కర్నెల్ జోలికి పోనక్కర్లేదు. దీని ఉపాయం చాలా సూటిగా ఉంటుంది. మొదలయ్యే క్షణానికి తెర మీద ఏముందో దాన్నే తీసుకుని తన బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టేసుకుంటుంది. అంటే ముందు ఏదైనా బొమ్మలు చూపించే ప్రోగ్రాముతో ఫొటో తెర మీద వెయ్యాలి, ఆ వెంటనే ఎఫ్‌బీటెర్మ్‌ని లేపాలి. ఫొటో వెయ్యడానికి ఎఫ్‌బీవీ అనే చిన్న ప్రోగ్రాము వాడతారు. ఎఫ్‌బీఐ అని ఇంకోటుంది, అదీ ఇదే కోవలోది. ఎఫ్‌బీటెర్మ్ మాన్యువల్ పేజీ చివర ఈ రెండు పనులూ కలిపి చేసే చిన్న స్క్రిప్టు రాసే ఉంది. అది చేసేది నాలుగు పనులు: కర్సర్ దాచడం, ఎఫ్‌బీవీతో ఫొటో వేసి బయటికి రావడం, ఎఫ్‌బీటెర్మ్ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ప్రోగ్రాము లేచేటప్పుడు చదువుకునే సెట్టింగు) 1 ఇవ్వడం, టెర్మినల్‌ని లేపడం. ఆ వేరియబుల్ పేరులో అన్నీ పెద్దక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్లు. అదొక్కటి తప్పు పడితే ఫొటో ఒక్క క్షణం మెరిసి మళ్లీ నలుపే వస్తుంది.

మొదలెట్టే ముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. మీ యూజర్ వీడియో గ్రూపులో ఉండాలి, లేకపోతే ఫ్రేమ్‌బఫర్ ముట్టుకోనివ్వదు. దానికోసం రూట్‌గా (సిస్టమ్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) నడపకండి. కొత్త విండో తెరవడం లాంటి షార్ట్‌కట్ కీలు పనిచెయ్యాలంటే ప్రోగ్రాము ఫైలుకి టీటీవై కాన్ఫిగ్ అనుమతి ఇవ్వాలి. అది ఇవ్వకపోయినా ఫొటో వస్తుంది. ఎఫ్‌బీసెట్ అనే కమాండు కొడితే మీ తెర అసలు కొలత చెబుతుంది. ఫొటోని ముందే సరిగ్గా ఆ కొలతకి కత్తిరించుకోండి. ల్యాబ్‌లో పాత చదరపు మానిటర్ అయితే 1024 x 768, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే 1366 x 768 రావడమే ఎక్కువ. కత్తిరించకుండా వేస్తే చూపించే ప్రోగ్రాము దాన్ని లాగుతుంది, కొబ్బరిచెట్లు పొట్టిగా లావుగా వస్తాయి. ఎన్విడియా సొంత డ్రైవరు వేసిన సిస్టమ్‌లో ఒక్కోసారి ఫ్రేమ్‌బఫరే సరిగ్గా దొరకదు, అది ముందే చూసుకోండి.

లోటుపాట్లు కూడా దాచకుండా చెప్పాలి. వెనక బొమ్మ ఉన్నప్పుడు తెర ఒక వరుస పైకి జరిగిన ప్రతిసారీ అక్షరాలు, వాటి కింద ఫొటో ముక్క రెండూ మళ్లీ గీయాలి. మామూలు పనిలో తెలియదు గానీ, పెద్ద లాగ్ ఫైలు మొత్తం తెర మీద కురిపిస్తే పాత ప్రాసెసర్ల మీద ఆ నెమ్మది కంటికి తెలుస్తుంది. సొంత రంగు పులుముకునే ప్రోగ్రాములు ఫొటోని మూసేస్తాయి. ఫైళ్లు చూసుకునే మిడ్‌నైట్ కమాండర్ తెరిస్తే తెరంతా నీలమే. విమ్ ఎడిటర్‌లో కలర్ స్కీమ్ తన నలుపు తనే వేస్తే దాని వెనకా ఏమీ కనపడదు. విమ్‌కైతే ఆ స్కీమ్‌లో నార్మల్ బ్యాక్‌గ్రౌండ్‌ని ఏమీ లేకుండా చేస్తే ఫొటో తిరిగొస్తుంది. ఎఫ్‌బీటెర్మ్‌లో చాలా ఏళ్లుగా పెద్ద మార్పులేవీ లేవు కాబట్టి మీ పంపిణీలో ప్యాకేజీ దొరక్కపోతే సోర్సు నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. తెలుగు గురించి కూడా చెప్పాలి. మామూలు కన్సోల్ ఫాంటులో 512 కంటే ఎక్కువ గుర్తులు పట్టవు, ఒత్తులు గుణింతాలు కలిపే పని అది చెయ్యదు. ఎఫ్‌బీటెర్మ్ మామూలు ఫాంట్లు వాడుతుంది గానీ ఒత్తులు కలపడం దానికీ రాదు. ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకునే అలవాటుంటే ఈ దారి మీది కాదు.

లాగిన్ కాగానే దానంతటదే లేవాలని అందరికీ ఉంటుంది. ఆ వరుస లాగిన్ స్క్రిప్టులో పెట్టేటప్పుడు జాగ్రత్త. మొదటి కన్సోల్ అయితేనే నడిచేలా షరతు పెట్టండి. షెల్ స్థానంలోకి టెర్మినల్‌ని ఎక్కించే ఎగ్జెక్ వాడొద్దు. అలా వాడితే ఏ రోజైనా అప్‌డేట్ తర్వాత ఎఫ్‌బీటెర్మ్ లేవకపోతే, లాగిన్ అవ్వడం, వెంటనే బయటికి రావడం, ఇదే తంతు. రెండో కన్సోల్ మామూలుగా వదిలేస్తే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి అక్కడి నుంచి సరిచేసుకోవచ్చు.

ఏ ఫొటో పెట్టాలన్నదే అసలు లెక్క

ఏ దారి పట్టినా చివరికి కళ్లకి హాయిగా ఉంటుందా లేదా అన్నది ఫొటోని బట్టే ఉంటుంది. చాలామంది సాఫ్ట్‌వేర్ మీద ఒక పూటంతా పెట్టి, ఫొటో మాత్రం ఫోన్‌లో ముందు కనపడ్డది తీసి పెట్టేస్తారు. మన డెల్టాలో ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే ఇక్కడి ఫొటోల్లో సగం ఆకాశం, సగం నీళ్లు. రెండూ తెల్లగా మెరుస్తుంటాయి. సార్వా ఊడుపులు అయిన వారానికి తీసిన చేను ఫొటో చూడ్డానికి ఎంతో బాగుంటుంది. మడిలో నీళ్ల మీద మబ్బులన్నీ కనపడతాయి. దాని మీద తెల్ల అక్షరాలు వేస్తే మాత్రం ఒక్క వరుసా చదవలేం.

ధవళేశ్వరం బ్యారేజీ ఫొటో పెట్టాలని చాలామందికి మోజు. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన ఈ బ్యారేజీకి 175 గేట్లు. దూరం నుంచి తీస్తే అవన్నీ సన్నటి నిలువు గీతల్లా పడతాయి, తెర మీద అక్షరాలూ సన్నటి గీతలే. రెండూ కలిసిపోయి కళ్లు లాగుతాయి. ఒకే తీరులో మళ్లీ మళ్లీ వచ్చే గీతలున్న ఫొటో ఏదైనా ఇంతే: వంతెన కమ్మీలు, రొయ్యల చెరువుల ఏరియేటర్ల వరుసలు, పందిరి మీద తమలపాకు తీగలు.

పనికొచ్చేవి ఎలా ఉంటాయో చెప్తాను. పొద్దు వాలాక ఏటిగట్టు మీద నుంచి తీసిన కొబ్బరితోట నీడ, పాపికొండల మధ్య సాయంత్రం గోదారి, రాత్రి పంటు మీద వెలిగే ఒకే ఒక్క దీపం. అంటే నలుపు ఎక్కువ, వివరం తక్కువ, వెలుగు ఒక్క చోట. ఆ వెలుగు ఏ మూల ఉందన్నది కూడా లెక్కే. కన్సోల్‌లో వరుసలన్నీ ఎడమ అంచు నుంచి మొదలవుతాయి, కాసేపు పని చేశాక ప్రాంప్ట్ కింది వరుసకి చేరి అక్కడే ఉంటుంది. ఎడమ పక్కా, కింది భాగమూ ఎప్పుడూ నిండుగా ఉంటాయి. కుడి పక్క పై మూల మాత్రం దాదాపు ఖాళీగా ఉంటుంది. కాబట్టి చెట్టో, పడవో, గాలిగోపురమో ఆ మూలకి వచ్చేలా కత్తిరించుకోండి. ఫొటోలో అది ఎడమ పక్క ఉంటే అద్దంలోలా తిప్పెయ్యండి. గుళ్లూ, అక్షరాలున్న బోర్డులూ ఉన్న ఫొటోలని మాత్రం తిప్పకండి, ఊరివాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఆపైన చీకటి చెయ్యాలి. ఇమేజ్‌మ్యాజిక్‌లో గానీ గింప్‌లో గానీ వెలుతురుని మూడో వంతుకి దించండి. ఫొటో చూస్తే మరీ చీకటిగా ఉందే అనిపించే దాకా దించితేనే అక్షరాల వెనక సరిగ్గా ఉంటుంది. కాస్త మసక చేస్తే ఆకుల చిన్న చిన్న వివరాలు పోయి ఇంకా నయం. ఇంకో చిన్న విషయం, దీన్ని ఎవరూ ముందు ఊహించరు. ఫోల్డర్ల పేర్లు జాబితాలో నీలంలో వస్తాయి. సాయంత్రం గోదారి కూడా నీలమే. ఫైళ్లు కనపడతాయి, ఫోల్డర్లు నీళ్లలో కలిసిపోతాయి. ఎఫ్‌బీటెర్మ్ సెట్టింగుల ఫైలులో నీలం నంబర్లు రెండిటినీ (4, 12) లేత నీలానికి మార్చుకోండి. పచ్చటి చేను ఫొటో పెడితే ఇదే తంటా ఆకుపచ్చతో వస్తుంది, అప్పుడు 2, 10 నంబర్లు.

గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్ అయితే

డెస్క్‌టాప్ నడిచే సిస్టమ్ మీ దగ్గరుంటే ఫ్రేమ్‌బఫర్ గొడవంతా అనవసరం. టెర్మినల్ ప్రోగ్రాముని తెర నిండా తెరిచి అందులోనే ఫొటో పెట్టుకోండి. కొన్సోల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, కిట్టీ ఈ మూడింటిలోనూ ఆ సౌకర్యం ఉంది. నాకు నచ్చేది ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్. ఫొటో ఎంత చీకటిగా ఉండాలో జరిపే మీట అందులోనే ఉంది, పాత సిస్టమ్‌ల మీద తేలిగ్గా నడుస్తుంది. కిట్టీకి ఓపెన్‌జీఎల్ నడిచే గ్రాఫిక్స్ కావాలి, పదేళ్ల పైబడ్డ పెట్టెల్లో మొరాయించవచ్చు. ఉబుంటులో చాలా ఏళ్ల పాటు మామూలుగా వచ్చిన గ్నోమ్ టెర్మినల్ నుంచి ఈ సౌకర్యాన్ని ఎప్పుడో తీసేశారు, అలక్రిటీలో ఫొటో పెట్టే వీలే లేదు. వాటి సెట్టింగుల్లో వెతుక్కుంటూ కూర్చోకండి. డెస్క్‌టాప్ వద్దు, కన్సోల్ లాగే ఉండాలి, బొమ్మ మాత్రం బాగా రావాలి అంటే కేజ్ అనే చిన్న వేలాండ్ (లినక్స్‌లో తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి) ప్రోగ్రాములో కిట్టీని ఒక్కదాన్నే తెర నిండా నడపొచ్చు. కొత్త సిస్టమ్ అయితే ఎఫ్‌బీటెర్మ్ కన్నా ఇదే మేలు.

విండోస్ వాడేవాళ్లకి విండోస్ టెర్మినల్ సరిపోతుంది. అపియరెన్స్ సెట్టింగుల్లో ఫొటో ఎంచుకుని, అది ఎంత పలచగా కనపడాలో, ఏ మూలకి ఉండాలో చెప్పొచ్చు. పాత నల్ల కమాండ్ ప్రాంప్ట్ విండోలో మాత్రం రంగులు తప్ప ఫొటో రాదు.

ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి పనిచేసేవాళ్లు సర్వర్‌లో ఏమీ పెట్టనక్కర్లేదు. అక్కడి నుంచి వచ్చేది అక్షరాలే. వెనక ఫొటో గీసేది మీ ముందున్న టెర్మినల్. అద్దె సర్వర్‌లో గ్రబ్ బొమ్మ మార్చాలని చూసి లేవకుండా చేసుకోవడం కన్నా చేటు ఇంకోటి లేదు.

ఫొటో కుదరకపోతే రంగులు

25 వరుసల తెర దాటని పాత సిస్టమ్‌లకీ, ఎరువుల కొట్లలోనూ రైస్‌మిల్లుల్లోనూ రోజంతా ఒకే బిల్లు ప్రోగ్రాము నడిచే సిస్టమ్‌లకీ నేను ఫొటో సలహా ఇవ్వను. అక్కడ అంకె తప్పు చదివితే డబ్బులు పోతాయి. అలాంటి చోట కన్సోల్ 16 రంగుల పట్టికనే మార్చండి. సెట్‌వీటీఆర్‌జీబీ అనే కమాండుకి రంగుల ఫైలు ఇస్తే అన్ని కన్సోల్‌లకీ ఒకేసారి వర్తిస్తుంది. లేచేటప్పటి నుంచే కావాలంటే కర్నెల్ వరుసలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడు జాబితాలుగా ఇవ్వొచ్చు. సున్నా నంబరు నలుపుని కాస్త గోధుమ కలిసిన నలుపుగా, ఏడో నంబరు బూడిద తెలుపుని ఎండిన వరిగడ్డి రంగుగా మార్చి చూడండి. కౌంటర్ దగ్గర పొద్దస్తమానం కూర్చునేవాళ్ల కళ్లకి ఎంత తేడా ఉంటుందో వాళ్లనే అడగండి. పట్టిక నచ్చకపోతే అదే కమాండుకి వీజీఏ అని ఇస్తే పాత రంగులు తిరిగొచ్చేస్తాయి కాబట్టి, రెండు మూడు రకాలు పెట్టి చూసి అక్కడ కూర్చునే మనిషి చేతే ఎంపిక చేయించండి.